ఉప్పు లెక్క

తోలు పగడం ముడుచుకొని ఇయ్యాలకు తొమ్మిది రోజులు.
పుట్టగొడుగు అసొంటి దాని నెత్తిమీద
లేసి ఊగే పూలన్నీ లోపలికి పోయినయి.
దించేసిన షట్టర్ లెక్క
బూడిద రంగు, నున్నగ.
పక్కరాతి మీది జినియా
పిడికిలి తెరుసుడు మూసుడు బంద్ పెట్టింది.

కాజీపేట, మే నెల, రైల్వే క్వార్టరు.
తలుపు పక్కన మూడడుగుల గాజుపెట్టె.
సముద్రాన్ని నేనింతవరకు చూడలే.
ఇరవై కిలోల ఉప్పు సంచిల వచ్చింది నాకు సముద్రం,
పార్సిల్ ఆఫీసుల సంతకం పెట్టి భుజమ్మీద తెచ్చుకున్న.

డీజిల్ షెడ్డుల పన్నెండేండ్లు.
ఇంజను దగ్గితే ఏ సిలిండరో చెవితోనే చెప్త.
దీనికి చెవి పెడితే
పంపు చప్పుడు, అంతే.

మొదటి రోజు లైటు తగ్గించిన.
రెండోరోజు పెంచిన.
పంపు మూతి గోడ దిక్కు తిప్పి, మళ్ల రాయి దిక్కు తిప్పిన.
నైట్రేటు చూసిన:
సీసాల గులాబి రంగు, అట్టమీద ఆరు గులాబి రంగులు,
ట్యూబులైటు కింద ఏది ఏదో తేలలే.
నల్లాల ఇత్తడి ఉందేమోనని నల్లా మార్చిన.
పక్కింటి కొమురమ్మ దోమల మందు కొట్టిందేమోనని పోయి అడిగితే
"నీ రాళ్లకోసం మేం కుట్టించుకోవాల్నా" అన్నది.
బొగ్గు సంచి ఏసిన. తీసిన.
ఫోటో పంపితే చెన్నై ఆయన
"తోలు మారుస్తుందేమో, చెయ్యి పెట్టకమ్మా" అన్నడు.
చెయ్యి పెట్టకుంట ఉండుడు
నాకెవరు నేర్పిన్రు?

ఫిట్టర్ యాకూబ్ పాషా చాయ్‌కి వచ్చిండు.
పగడాన్ని కాదు, ముందు నన్ను చూసిండు.
"ఏమేం మార్చినవ్?"
లాగ్‌బుక్కు తీసి చదివిన. పదకొండు.
"పదకొండు బోల్టులు ఒక్కపారి ఇప్పినంక
ఏది వదులైందో ఎట్ల ఎరుకైతది బిడ్డా."
సాసర్ల చాయ్ వొంపుకొని ఊదుకుంట
ఇంకేం అనలే.

ఆ రాత్రి డ్యూటీ దిగొచ్చి
అంగి కుర్చీ మీదికి ఇసిరేసిన.
వీపు మీద తెల్లటి గీత,
దాని లోపల ఇంకో గీత,
మ్యాపుల తీరం గీసినట్టు.

నీళ్లు పోయినయి.
ఉప్పు పోలే.

అప్పుడు చూసిన టేబుల్ ఫ్యాను దిక్కు.
నీళ్లు కాగొద్దని నేనే పెట్టిన,
పొద్దూమాపూ పెట్టె మీదనే తిరుగుతది.
రోజుకు అరవేలు మందం నీళ్లు గాలికి పోతుంటే
నేను నింపింది కలిపిపెట్టిన ఉప్పునీళ్లు,
సముద్రానికి సముద్రమే పొయ్యాలె గదా అనుకొని.

ఉప్పు చూసే గొట్టం కంటికి పెట్టిన.
మొదటిరోజు ముప్పై అయిదు.
సరిగ్గున్న దాన్ని మళ్ల చూసుడెందుకని ఇడిసిపెట్టిన.
ఇప్పుడు నీలం తెలుపు కలిసే గీత
నలభై ఒకటి మీద నిలబడ్డది.

పొద్దుగాల ఒక జగ్గు ఉప్పునీళ్లు తోడి ఒక జగ్గు మంచినీళ్లు.
మాపటికి ఇంకోటి.
అంతకంటె ఎక్కువ లేదు,
దించుడు గూడ దెబ్బే, తొందరపడితే.
మూడోనాడు జినియా కరిగిపోయింది.
చెంచాతోని తీసిన. వాసన
రెండు రోజులు వేళ్లకు ఉన్నది.

ఏడోనాడు తోలు పగడం మీంచి
పాలమీది మీగడంత పల్చటి పొర లేసి
ప్రవాహంల ఊగి ఊగి తెగింది.
దాని కింద, అంచుకు,
ఒక్కటి, నువ్వుగింజంత పువ్వు,
ఎనిమిది వేళ్లు సాపింది.

చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడ్డ.
కరెంటు పోయింది, వచ్చింది.
లాగ్‌బుక్కుల రాసిన:
ఇయ్యాల ఏం మార్చలే.

అంగి మాత్రం నానబెట్టిన.